“తేడా” అన్న ఒక్క మాటతో పోయిన ఉద్యోగం

ఈ ఎపిసోడ్ గోదావరి గట్టు మీద తీద్దామనుకున్నాం. గాలికి మైకులో హోరు తప్ప ఇంకేం రావట్లేదు. అందుకని మళ్లీ మన పాత గదిలోకే వచ్చేశాం. మధ్యలో ఫ్యాన్ చప్పుడు వినపడితే కొంచెం సర్దుకోండి.

ఈరోజు సబ్జెక్టు చెప్పగానే కొంతమంది వీడియో మార్చేస్తారని నాకు తెలుసు. ఒక్క రెండు నిమిషాలు ఆగండి, తర్వాత మీ ఇష్టం. గే, లెస్బియన్, బైసెక్సువల్ మనుషులు మనతోపాటు పనిచేసే చోట వాళ్లకి ఏం జరుగుతోంది, జరక్కుండా ఏం చెయ్యొచ్చు, అదీ విషయం. “అయ్యబాబోయ్, అవన్నీ హైదరాబాద్ గొడవలండి. మన రాజమండ్రిలో, భీమవరంలో, అమలాపురంలో అలాంటోళ్లు ఎవరున్నారు?” అంటారు. ఉన్నారండి. మీ పక్క కౌంటర్లోనే ఉండొచ్చు. మీకు చెప్పలేదు, అంతే. ఎందుకు చెప్పలేదో అర్థం కావాలంటే ముందు ఒక సంగతి చెప్పాలి. అది నాకు అంత గొప్ప సంగతేం కాదు.

ఈ వీడియోలు మొదలుపెట్టకముందు నేను రాజమండ్రిలో ఒక బట్టల షోరూమ్ లో అకౌంట్స్ చూసేవాణ్ని. పేరు చెప్పను. చీరల సెక్షన్లో ఒక కుర్రాడు ఉండేవాడు, కోనసీమ వైపు వాడు. చీర మడత విప్పి భుజం మీద వేసుకుని కుచ్చిళ్లు పెట్టి చూపించాడంటే కొనకుండా వెళ్లడం కష్టం. పెళ్లి బట్టలకి వచ్చిన పెద్దమ్మలు “ఆ అబ్బాయిని పిలవండి, ఆ అబ్బాయైతేనే” అని అడిగేవారు. ఓనర్ గారికి కూడా వాడంటే గురి.

వాడి నడక, వాడి మాట చూసి కుర్రాళ్లు ఒక పేరు పెట్టారు. “తేడా”. ఈ మాట మీకందరికీ తెలుసు, సినిమాల్లో కమెడియన్ల చేత ఎన్నిసార్లు అనిపించారో లెక్కలేదు. వాడు భోజనానికొస్తే “ఏమండోయ్ పెళ్లికొడుకు గారూ, సంబంధాలు చూస్తున్నారా, లేక మీకు అవసరం లేదా ఆయ్?” అనేవాళ్లు. టేబుల్ అంతా నవ్వేది. వాడూ నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ని. ఇది చెప్పకుండా మిగతాది చెప్తే అబద్ధమవుతుంది.

మన గోదావరి జిల్లాల వాళ్లకి వెటకారం ఒక గర్వం. ఎదుటివాడికి “అండి” తగిలించి, “ఆయ్” తగిలించి, ఎక్కడ గుచ్చాలో అక్కడ గుచ్చుతాం. గుచ్చుకున్నవాడు కోపం తెచ్చుకుంటే “ఏంటండీ, సరదాకన్నాం కదా” అంటాం. అంటే దెబ్బ తగిలిందని చెప్పుకునే హక్కు కూడా ఉండదు వాడికి. తిట్టయితే ఎదురు తిట్టొచ్చు. వెటకారానికి ఏం చేస్తారు? నవ్వాలి. ఎనిమిది గంటల డ్యూటీలో, సీజన్లో అయితే పన్నెండు గంటల్లో, రోజూ నవ్వాలి.

ఆ ఏడాది దసరా సీజన్లో వాడి ఫోన్లో ఎవరో ఒక చాట్ చూశారు. ఎలా చూశారు, ఎవరు చూశారు అన్నది ఇప్పటికీ తెలీదు. స్క్రీన్ షాట్ స్టాఫ్ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. మా షోరూమ్ పైన స్టాఫ్ కి రూములుండేవి, ఊళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లు ఆరేడుగురు కలిసి పడుకునేవాళ్లు. ఆ రాత్రే “వాడుంటే మేం ఉండం” అన్నారు. మర్నాడు ఫ్లోర్ మేనేజర్ వాణ్ని పక్కకి పిలిచి చాలా మర్యాదగా చెప్పాడు. “నువ్వే రాజీనామా రాసిచ్చేయ్ బాబూ. మీ నాన్నగారికి నేనేం చెప్పను.” ఏడాదిన్నర పనిచేసినవాడు అరగంటలో రాసిచ్చేశాడు. సెటిల్మెంట్ ఓచర్ రాసింది నేనే. కారణం అన్న చోట “సొంత పనుల వల్ల” అని రాశాను. వాడు సంతకం పెట్టి, పెన్ను నాకు తిరిగిచ్చి వెళ్లాడు. తర్వాత ఆ నంబరు పనిచెయ్యలేదు.

ఇందులో ఎవరైనా ఎవర్నైనా ఉద్యోగంలోంచి తీసేశారా? కాగితం మీద చూస్తే లేదు. మన దగ్గర వివక్ష ఎక్కువగా ఇలాగే ఉంటుందండి. డిస్మిస్ ఆర్డర్ రాదు. మనిషి తనంతట తానే వెళ్లిపోయేలా చేస్తాం. అందుకే దీన్ని ఆపాలంటే కోర్టు తీర్పులు తెలుసుకోవడం ఎంత అవసరమో, ఆ అరగంటలో ఏం జరుగుతుందో తెలుసుకోవడం అంతకన్నా అవసరం అని నాకనిపిస్తుంది.

మేనేజర్ అన్న మాట ఇంకోసారి గుర్తుచేసుకోండి. “మీ నాన్నగారికి చెప్పను.” బెంగళూరు ఐటీ కంపెనీలో ఈ మాటకి బలం లేదు, అక్కడ మేనేజర్ కి మీ నాన్న ఎవరో తెలీదు. ఇక్కడ అలా కాదు. మనకి షాపులో, ప్రైవేట్ కాలేజీలో, నర్సింగ్ హోమ్ లో, రొయ్యల కంపెనీలో, కడియం నర్సరీలో ఉద్యోగం ఎలా వస్తుంది? మావయ్య గారికి తెలిసిన వాళ్లుంటారు. ఓనర్ గారు మన ఊరి వాళ్లో, మన వాళ్లో అయ్యుంటారు. ఆ పరిచయంతో వచ్చిన ఉద్యోగంలో విషయం బయటపడితే సాయంత్రానికి ఇంట్లో తెలుస్తుంది. ఉద్యోగం, ఇల్లు, పెళ్లి సంబంధం, చెల్లెలి పెళ్లి, అన్నీ ఒకే తాడుకి కట్టేసి ఉంటాయి. ఒకటి లాగితే అన్నీ కదుల్తాయి. అందుకే మీ పక్క కౌంటర్లో వాడు మీకు చెప్పలేదు.

ఇల్లు ఎంతవరకు వెళ్తుందో చెప్పే కేసు మన హైకోర్టులోనే ఉంది. 2024 డిసెంబర్. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరూ మేజర్లే. ఒకమ్మాయిని తండ్రి నర్సీపట్నం తీసుకెళ్లి ఇంట్లో ఉంచేశారు. రెండో అమ్మాయి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో హెబియస్ కార్పస్ వేసింది. జస్టిస్ ఆర్. రఘునందన్ రావు, జస్టిస్ కె. మహేశ్వరరావు బెంచ్ ఆ అమ్మాయిని పిలిపించి, నీకేం కావాలి అని అడిగింది. తన భాగస్వామితోనే ఉంటానంది. మేజర్ అయిన అమ్మాయి ఎవరితో ఉండాలో తనిష్టం, తల్లిదండ్రులు అడ్డుపడకూడదు అని కోర్టు చెప్పి పంపించింది. ఇది పనిచేసే చోటుకి సంబంధించిన కేసు కాదు. కానీ మీ ఆఫీసులో ఎవరైనా “వాళ్లింట్లో చెప్పేద్దాం, వాళ్లే చూసుకుంటారు” అన్నప్పుడు ఆ చెప్పడం వల్ల ఏం జరగొచ్చో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. గే అన్న కారణంతో ఉద్యోగంలోంచి తీసేస్తే చట్టం ఏమంటుంది? నేను లాయర్ని కాదండి. చదివి, తెలిసినవాళ్లని అడిగి తెలుసుకున్నదే చెప్తున్నాను.

గవర్నమెంట్ ఉద్యోగం అయితే సమాధానం తేలిగ్గానే ఉంది. ఉత్తరప్రదేశ్ లోని బులంద్ షహర్ లో ఒక హోంగార్డు ఉండేవాడు. తన భాగస్వామితో చనువుగా ఉన్న వీడియో ఒకటి బయటికొచ్చింది. 2019 జూన్ లో తీసేశారు. ఆయన అలహాబాద్ హైకోర్టుకి వెళ్లాడు. అక్కడ అధికారులు వేసిన కౌంటర్లో ఆయన లైంగికతనే తప్పుడు పనిగా చూపించారు. 2021 ఫిబ్రవరిలో జస్టిస్ సునీతా అగర్వాల్ ఆ ఉత్తర్వు కొట్టేశారు. మనిషి ఎవరిని ఇష్టపడతాడన్నది అతని సొంత విషయం, దాన్ని నేరంలా చూడటం అతని ప్రైవసీలో వేలు పెట్టడమే అని చెప్పి, వెంటనే ఉద్యోగంలోకి తీసుకోమన్నారు. ఏ ప్రొఫెసరో, ఏ ఆఫీసరో కాదు, ఒక హోంగార్డు! ఈ కేసు మన తెలుగులో ఎందుకు ఇంకా ఎక్కువగా చెప్పుకోలేదో నాకర్థం కాదు.

ఆయనకి ఆ తీర్పు వచ్చిందంటే వెనకాల రెండు పెద్ద తీర్పులున్నాయి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు ప్రైవసీ ప్రాథమిక హక్కు అంది, లైంగికత కూడా ఆ ప్రైవసీలో భాగమే అంది. అందరూ దాన్ని ఆధార్ కేసు అనుకుంటారు గానీ, అందులో ఇది కూడా ఉంది. ఆ తర్వాత 2018 సెప్టెంబర్ 6, నవతేజ్ సింగ్ జోహార్ కేసు. ఇష్టపూర్వకంగా ఉండే పెద్దవాళ్ల మధ్య సంబంధం నేరం కాదని సెక్షన్ 377ని ఆ మేరకు కొట్టేశారు. ఐదుగురు జడ్జీలూ ఒకే మాట. లింగం ఆధారంగా వివక్ష చూపకూడదని రాజ్యాంగం 15వ అధికరణ చెప్పే దాంట్లో లైంగిక ధోరణి కూడా వస్తుందని వివరించారు. ఆ పిటిషన్లలో ఒకటి ఐఐటీల్లో చదివిన, చదువుతున్న 20 మంది కలిసి వేసింది. కేసు పేరులో మొదట ఉన్నది పొక్కులూరి అన్వేష్. ఇంటిపేరు వింటే మన తెలుగు పేరని తెలిసిపోతుంది కదా. ఇంకో పిటిషనర్ కేశవ్ సూరి, లలిత్ హోటల్స్ నడిపే కుటుంబం. అంటే వేలమందికి ఉద్యోగాలిచ్చే స్థానంలో ఉన్న మనిషి కూడా కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

ఆ తీర్పు రాకముందు ఎలా ఉండేదో కూడా చెప్పాలి. 2010 ఫిబ్రవరి, అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ. మరాఠీ చెప్పే ప్రొఫెసర్ శ్రీనివాస్ రామచంద్ర సిరస్. రిటైర్మెంటుకి కొద్ది నెలలే ఉంది. కెమెరా పట్టుకుని ఆయన ఇంట్లోకి చొరబడ్డారు. చొరబడ్డవాళ్ల సంగతి పక్కనపెట్టి యూనివర్సిటీ ఆయన్ని సస్పెండ్ చేసింది. ఏప్రిల్ 1న హైకోర్టు సస్పెన్షన్ మీద స్టే ఇచ్చింది. గెలిచినట్టే. ఏప్రిల్ 7న ఆయన గదిలో శవమై కనిపించారు. ఆయన మీదే 2016లో “అలీగఢ్” సినిమా వచ్చింది, మనోజ్ బాజ్ పాయ్ చేశారు. చూడనివాళ్లు చూడండి. స్టే ఆర్డర్ తో అన్నీ సరైపోవని తెలుస్తుంది.

సరే, ప్రైవేట్ సంగతేంటి? మన షోరూమ్ కుర్రాడి సంగతేంటి? ఇక్కడే చిక్కు. ఉద్యోగాల్లో వివక్ష వద్దనే 16వ అధికరణ ప్రభుత్వ ఉద్యోగాలకి. ప్రైవేట్ యజమాని లైంగికత కారణంగా ఉద్యోగిని తీసెయ్యకూడదు అని సూటిగా చెప్పే చట్టం మన దేశంలో లేదు. శశి థరూర్ లోక్ సభలో వివక్ష వ్యతిరేక బిల్లు ఒకటి ప్రైవేట్ మెంబర్ గా పెట్టారు, అది చట్టం కాలేదు. అమెరికాలో మన బంధువులు ఎక్కువగా ఉండే అట్లాంటా పక్కనే క్లేటన్ కౌంటీ ఉంది. అక్కడ జెరాల్డ్ బోస్టాక్ అనే ఉద్యోగి గేలు ఆడే సాఫ్ట్ బాల్ లీగ్ లో చేరాక ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆయన కేసులోనే 2020 జూన్ 15న అక్కడి సుప్రీంకోర్టు, గే అని తీసెయ్యడం కూడా లింగ వివక్షే అని, 1964 నాటి చట్టం కిందకే వస్తుందని చెప్పింది. మన దగ్గర ప్రైవేట్ ఉద్యోగాలకి అలాంటి తీర్పు రాలేదు.

అయితే చేతులు కట్టుకుని కూర్చోవాలా అంటే, అక్కర్లేదు. పక్క దారులున్నాయి.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం వేసింది ఏంటంటే, మా షోరూమ్ కుర్రాడికి పనికొచ్చే చట్టం అసలు గేల గురించి రాసింది కాదు. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988. షాపు గోడకి ఫ్రేమ్ కట్టించి సర్టిఫికెట్ తగిలిస్తారు చూడండి, అదే. నేను ఏళ్ల తరబడి దాని ఫీజు కట్టిన మనిషిని, ఒక్కసారి తెరిచి చదవలేదు. అందులో సెక్షన్ 47 ఏమంటుందంటే, వరసగా ఆరు నెలలు పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసెయ్యకూడదు, కనీసం నెల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి, లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. అన్యాయంగా తీసేశారనుకుంటే లేబర్ డిపార్ట్ మెంట్ లో దీనికోసం ఉన్న అధికారి దగ్గర అప్పీల్ చేసుకోవచ్చు. “వాడు ఎవరితో చాట్ చేస్తున్నాడో చూశాం, అందుకే తీసేశాం” అన్నది సరైన కారణం అని అధికారి ముందు నిలబడి చెప్పమనండి ఏ ఓనర్నైనా. చెప్పలేరు.

అందుకే ఎవరూ తీసెయ్యరు, రాజీనామా రాయించుకుంటారు. మీరే రాసిచ్చాక మిమ్మల్ని తీసేశారని మళ్లీ నిరూపించాలంటే చాలా కష్టం. ఆ ఒక్క కాగితం విలువ మేనేజర్ కి తెలుసు, ఇరవై రెండేళ్ల కుర్రాడికి తెలీదు. కాబట్టి ఈ వీడియోలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. గదిలో కూర్చోబెట్టి రాయమంటే ఆ రోజు రాయకండి. “ఇంటికెళ్లి ఆలోచించి రేపు చెప్తానండి” అనండి. బయటికొచ్చాక, “ఈరోజు ఇన్ని గంటలకి మీరు నన్ను రాజీనామా చెయ్యమన్నారు, కారణం చెప్పండి” అని మేనేజర్ కి వాట్సాప్ చెయ్యండి. మీ లైంగికత గురించి అందులో ఒక్క ముక్క కూడా రాయక్కర్లేదు. కారణం అడగండి చాలు. జవాబు రాకపోయినా పర్లేదు, మీరు అడిగారన్నది తేదీతో సహా ఉంటుంది. గ్రూపులో వచ్చిన జోకులు, స్క్రీన్ షాట్లు డిలీట్ చెయ్యకండి. సిగ్గేసి డిలీట్ చేసేస్తారు చాలామంది. జీతం స్లిప్పులు లేకపోతే బ్యాంకులో జీతం పడిన మెసేజీలైనా దాచుకోండి, ఆరు నెలలు పనిచేశారని అవే చెప్తాయి.

అమ్మాయిలకి ఇంకో దారి ఉంది. పనిచేసే చోట లైంగిక వేధింపుల చట్టం, 2013. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. పదిమంది లేకపోయినా, లేదా ఫిర్యాదు ఓనర్ మీదే అయినా జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. “నువ్వు మగాళ్లని చూడవా, నేను మారుస్తా రా” లాంటి మాటలు ఈ చట్టం కిందకి వస్తాయి. వేధించింది ఆడవాళ్లయినా ఫిర్యాదు చెల్లుతుందని 2020లో కలకత్తా హైకోర్టు చెప్పింది. మగపిల్లలకి మాత్రం ఈ చట్టం లేదు. అది లోటే, ఒప్పుకోవాలి.

ట్రాన్స్ జెండర్ల విషయం కొంచెం వేరు. గే అంటే ఎవరిని ఇష్టపడతారు అన్న సంగతి, ట్రాన్స్ అంటే తాను ఎవరు అన్న సంగతి. మన జనం రెండూ కలిపేసి ఒకే మాటతో తిట్టేస్తారు గానీ చట్టంలో రెండూ వేరు. 2019లో వచ్చిన ట్రాన్స్ జెండర్ వ్యక్తుల చట్టం ఉద్యోగంలో వాళ్ల మీద వివక్ష వద్దని ప్రైవేట్ సంస్థలకి కూడా చెప్తుంది, ఫిర్యాదులు వినే అధికారిని పెట్టమంటుంది. చట్టం ఉన్నంత మాత్రాన జరిగిపోతోందా? హైదరాబాద్ లో డాక్టర్ ప్రాచీ రాథోడ్ ఉన్నారు. ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో మూడేళ్లు పనిచేశాక, ఆమె ట్రాన్స్ అని తెలిసి, పేషెంట్లు రారేమో అని వెళ్లిపొమ్మన్నారని ఆమే చెప్పారు. 2022లో ఆమె, డాక్టర్ రూత్ జాన్ పాల్ ఇద్దరూ ఉస్మానియా ఆస్పత్రిలో చేరారు. ఉస్మానియాకి పేషెంట్లు తగ్గారా? అక్కడి ఓపీ లైను చూసినవాళ్లెవరూ ఈ ప్రశ్న అడగరు. 2024 డిసెంబర్లో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు 39 మంది ట్రాన్స్ జెండర్లని ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. 2025 అక్టోబర్లో, రెండు స్కూళ్లలో ఉద్యోగం పోగొట్టుకున్న జేన్ కౌశిక్ అనే ట్రాన్స్ టీచర్ కేసులో సుప్రీంకోర్టు నష్టపరిహారం ఇప్పించి, సమాన అవకాశాల విధానం తయారుచెయ్యడానికి ఒక కమిటీని కూడా వేసింది. ఆ విధానం ఎలా వస్తుందో చూడాలి.

కాలేజీల్లో చదువుకుంటూ పార్ట్ టైమ్ చేసేవాళ్లు నన్ను చూస్తుంటారు కాబట్టి ఇంకొకటి. యూజీసీ ర్యాగింగ్ నిబంధనల్లో 2016 నుంచి లైంగిక ధోరణి అన్న మాట సూటిగానే ఉంది. ఆ కారణంతో ఏడిపించినా అది ర్యాగింగే. హాస్టల్లో జరిగేది రేపు షోరూమ్ పై రూములో జరిగేదానికి రిహార్సల్ లాంటిది. అక్కడే ఆపితే మేలు.

ఇప్పుడు ఆ రూము సంగతికి వద్దాం. ఎందుకంటే ఓనర్లు, మేనేజర్లు నన్ను అడిగేది ఇదే. “మీరు చెప్పేది బానే ఉందండి, మిగతావాళ్లు వాడితో రూములో ఉండమంటున్నారు, నేనేం చెయ్యను?” అంటారు. నిజంగానే ఇబ్బందైన ప్రశ్నే. నేను చెప్పేది ఏంటంటే, ముందు అడగండి, వాడేమైనా చేశాడా? ఎవరి మీదైనా చెయ్యి వేశాడా, ఇష్టం లేకుండా దగ్గరికి వచ్చాడా? చేశాడంటే అది వేధింపు, ఎవరు చేసినా ఒకటే చర్య, విచారించి తీసుకోండి. ఏం చెయ్యలేదు, ఊరికే భయం అంటే, ఇన్నాళ్లూ పక్కనే పడుకున్నాడు కదా, ఇవాళ కొత్తగా ఏం మారింది? మీకు తెలిసింది, అంతే. అయినా ఉండలేమంటే అభ్యంతరం ఎవరిదో వాళ్లు వేరే రూముకి మారాలి. వాడు ఖాళీ చెయ్యక్కర్లేదు, వాడి ఉద్యోగం అసలే పోనక్కర్లేదు. మా షోరూమ్ లో పక్క రూములో రెండు పరుపులు ఖాళీగానే ఉన్నాయండి అప్పట్లో. ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

“కస్టమర్లు ఏమనుకుంటారో” అన్న భయం కూడా వింటుంటాను. మా కుర్రాడు వెళ్లిపోయాక ఆ పెద్దమ్మలు వచ్చి “ఆ అబ్బాయేడీ?” అని అడిగేవారు. “మానేశాడండి” అని చెప్పేవాళ్లం. కొందరు చీర తీసుకోకుండానే వెళ్లారు.

పెద్ద కంపెనీల్లో పాలసీలు, ప్రత్యేక ట్రైనింగులు, భాగస్వామికి కూడా ఇన్సూరెన్సు, ఇవన్నీ ఉంటాయి. పాతికమంది స్టాఫ్ ఉన్న షాపుకి అవేం అక్కర్లేదు. చేరేటప్పుడు ఇచ్చే కాగితంలో ఒక్క లైను చాలు. కులం, మతం, ఆడ మగ ట్రాన్స్, ఎవరిని ఇష్టపడతారు అన్న కారణాలతో ఇక్కడ ఎవర్నీ తక్కువ చెయ్యం, ఏడిపిస్తే ఊరుకోం అని. కింద ఫిర్యాదు ఎవరికి చెప్పాలో ఒక పేరు. ఆ పేరు ఓనర్ బావమరిదిది కాకుండా ఉంటే మంచిది (నవ్వు). స్టాఫ్ గ్రూపులో ఒకరి ఫోన్లోంచి తీసిన స్క్రీన్ షాట్ పడిందా, పెట్టినవాణ్ని పిలవాలి. మా దగ్గర ఎవరి చాట్ అన్నది అందరం చూశాం, ఎవరు దొంగచాటుగా తీశారన్నది ఒక్కరూ అడగలేదు.

ఇంకోటి, ఇంటర్వ్యూలో “పెళ్లయిందా, ఎప్పుడు చేసుకుంటావు, ఎందుకు చేసుకోలేదు” అనే ప్రశ్నలు. మనకి అది పలకరింపు. ముప్ఫై దాటిన ఒక గే మనిషికి అది రోజూ పరీక్షే. బిల్లింగ్ చెయ్యడానికి పెళ్లితో పనేంటండి?

కొంతమంది “డాక్టర్ కి చూపిస్తే తగ్గుతుంది కదా, పాపం మంచి కుర్రాడు” అంటారు. ప్రేమతోనే అంటారు, అయినా తప్పే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మారుస్తాం అని వైద్యం చెయ్యడం డాక్టర్ల వృత్తిపరమైన తప్పిదం అని మన నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో చెప్పింది. ఎవరైనా డబ్బు తీసుకుని మారుస్తామంటే మోసమే.

డేటింగ్ యాప్ లో పరిచయమై, తర్వాత “మీ ఆఫీసులో చెప్తాం, మీ ఇంట్లో చెప్తాం” అని డబ్బులడిగేవాళ్ల గురించి కూడా చెప్పాలి, ఉద్యోగం పోతుందన్న భయమే వాళ్ల పెట్టుబడి. ఒకసారి ఇస్తే ఆగదు. అది బెదిరించి డబ్బు గుంజడం, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308. ఆన్ లైన్లో డబ్బు పంపేసి ఉంటే వెంటనే 1930కి చెయ్యండి. “పోలీసులు నన్నే అరెస్ట్ చేస్తారేమో” అని భయపడకండి. 2018 తర్వాత ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి కలవడం నేరం కాదు, 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త న్యాయ సంహితలో అయితే 377 అన్న సెక్షనే లేదు.

లాయర్ కి డబ్బుల్లేవు అంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, రాజమండ్రిలో అయితే జిల్లా కోర్టు దగ్గరే. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితం, మగవాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి చూస్తారు. ఫోన్ అయితే 15100. అసలు ఎవరితో మాట్లాడాలో తెలీక రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదంటే టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పక్కర్లేదు.

మా షోరూమ్ లో వాణ్ని ఏడిపించిన కుర్రాళ్లలో ఒకడు ఇప్పటికీ నాకు ఫ్రెండే. ఈ ఎపిసోడ్ చేస్తున్నానని వాడికి చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత “వాడి నంబరు ఏమైనా దొరికిందేంట్రా?” అన్నాడు. దొరకలేదు. కోనసీమ వైపు ఎక్కడో బట్టల షాపులోనే ఉన్నాడని ఎవరో అన్నారు, అదీ ఖాయం కాదు. ఒరేయ్, నువ్వు గానీ ఇది చూస్తుంటే, ఆ ఓచర్ మీద నేను రాసింది అబద్ధం. ఎప్పుడైనా ఎక్కడైనా ఆ మాట సంతకం పెట్టి చెప్పాల్సొస్తే చెప్తాను.

వచ్చే వారం రొయ్యల ప్లాంట్లలో పనిచేసే అక్కల జీతాల గురించి మాట్లాడదాం, ఇద్దరు వస్తామన్నారు. ఉంటానండి.